కెజియా సంఖ్య

2131 నాటికి కాకినాడలో బారసాలకు వచ్చినవాళ్ళు పాప నక్షత్రం అడగడం మానేశారు. "భాజకం ఎంత వచ్చిందండీ?" అని అడుగుతున్నారు.

అంతా డాక్టర్ హైమవతి కనిపెట్టిన భాజకదర్శిని చలవే. ఈ క్వాంటమ్ యంత్రం మనిషి జీనోమ్‌లోని నాలుగు రసాయనాక్షరాలకు సున్నా నుంచి మూడు దాకా విలువలిచ్చి, మొత్తం వరుసను ఒకే పూర్ణాంకంగా చదువుతుంది. దాదాపు నూట తొంభై కోట్ల అంకెలు. క్షణానికో అంకె చొప్పున తిండీ నిద్రా మాని రాసినా అరవై ఏళ్ళు పడుతుంది. అంత సంఖ్యను ఏవేవి నిశ్శేషంగా భాగిస్తాయో దర్శిని రెప్పపాటులో చెబుతుంది. హైమవతి దాన్ని సంఖ్యల అందం చూద్దామని చేసింది. జనం దాంతో హెచ్చుతగ్గులు కట్టుకున్నారు. ఒకటి కాక అతి చిన్న భాజకం ఎంత పెద్దదైతే అంత గొప్ప; రెండుతో భాగమయ్యేవాళ్ళకు విందుల్లో వెనక వరుసే.

ఆ ఉదయం చేపలరేవు నుంచి వచ్చిన రోజమ్మ తన మూడు నెలల పాప కెజియాను దర్శిని ముందు పడుకోబెట్టింది. ఎన్నడూ ఆగని యంత్రం కాస్త ఆగి పలికింది.

"డాక్టర్ గారూ, ఈ సంఖ్యకు ఒకటీ, తనూ తప్ప వేరే భాజకాలు లేవు. ఇది ప్రధాన సంఖ్య."

హైమవతి పాప మీదికి వంగింది. ఇంత పెద్ద సంఖ్యల్లో నాలుగు వందల కోట్లకు పైగా వెతికితే ఒక్కటి ప్రధానం. భూమ్మీద ఇద్దరో ముగ్గురో ఉంటారని లెక్క వేసింది కానీ, ఒకరిని కళ్ళారా చూస్తాననుకోలేదు. పాప బొటనవేలు చప్పరిస్తోంది. హైమవతికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

సాయంత్రానికి ఊరంతా మొక్కింది. మర్నాడు, ఈ హెచ్చుతగ్గులకు కాపలా కాసే సంఖ్యాపీఠం పెద్దలు దిగారు. అవిభాజ్యురాలు మామూలు ఇంట్లో పెరగకూడదు, పీఠానికి తీసుకుపోతామన్నారు.

రోజమ్మ హైమవతి చేతులు పట్టుకుంది. "నా పిల్లని నాకు ఉంచండమ్మా. మీ లెక్కలు నాకు తెలీవు. అందరి పిల్లల్లాగా ఉంటే అదే చాలండి."

హైమవతి యంత్రం వైపు తిరిగింది. "అక్షరాల విలువలు మారిస్తే?"

"పాప వరుసలో చివరి అక్షరానికి ఇప్పుడు మూడు. దానికి సున్నా ఇస్తే, ఇది నాలుగుల లెక్క కాబట్టి, పదుల లెక్కలో చివర సున్నా ఉంటే పదితో భాగమైనట్టు సంఖ్య నాలుగుతో భాగమవుతుంది. లోకంలో అందరి సంఖ్యలూ మారతాయి. అసలు ఈ విలువలే ఎందుకిచ్చారు?"

"ఏవో ఒకటి ఇవ్వాలి కదా, ఇచ్చాను."

ఆ మాట పైకి అన్నాక ఆమెకే సిగ్గేసింది. దాని మీదే ఇరవై ఏళ్ళుగా జనం ముందు వరుసా వెనక వరుసా అని కూర్చుంటున్నారు.

పెద్దల ఎదుటే విలువలు మార్చింది. అదే పాప, అదే బొటనవేలు. తెర మీద మాత్రం నాలుగుతో భాగమయ్యే సంఖ్య. పెద్దలు తమ కొత్త సంఖ్యల్లో ప్రధానం వచ్చిందేమోనని ఒకరినొకరు తోసుకుంటూ దర్శిని ముందు నిలబడ్డారు. కెజియాను ఎవరూ పట్టించుకోలేదు.

రోజమ్మ పాపను గుండెకు హత్తుకుని ఏడ్చింది. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి గొంతు తగ్గించింది.

"అమ్మా, పాత లెక్కలో మా పాప ప్రధానమేనని మిషను చేత ఇంకోసారి అనిపించరా? రికార్డు చేసుకుంటాను. ఎవరికీ వినిపించనండి. మా తోడికోడలికి ఒక్కదానికే."