ఒసిమార్ అనే ఎద్దుకి ఒక కాపీ

“కాపీ చేస్తారా?” అంటూ ఆ అమ్మాయి వీడియో గేమ్ క్యాసెట్‌ని టపీమని కౌంటర్ మీద పెట్టింది.

“మీదేనా?”

“మా అమ్మమ్మది.”

“అయితే మీ అమ్మమ్మే రావాలి.”

బయట జోరు వాన. ఆమె జుట్టులోంచి నీళ్లు కారి నా కౌంటర్ మీద పడుతున్నాయి. తుడుచుకోమని తువ్వాలు ఇద్దామనుకున్నాను గానీ, ఆ చూపు చూశాక ధైర్యం చాల్లేదు.

“ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఈ ముక్క కోసం ఇంత దూరం నడిపించమంటారా?”

“బోర్డు చదివారా?”

తలెత్తి చదివింది. ‘సొంత ఆటకే కాపీ. అదీ యజమాని ఎదుటే. ఇట్లు, ఎడిల్సన్.’

బెలేం నగరం మొత్తంలో ఇలాంటి బోర్డు పెట్టుకున్న పిచ్చివాణ్ణి నేనొక్కణ్ణే. మా బజార్లో దొంగ కాపీలు చేపల్లా తట్టల్లో పోసి అమ్ముతారు. నేను మాత్రం కొనుక్కున్న ఆటకే కాపీ తీస్తాను. మా ఊరి తేమకి డిస్కులు కూడా బూజు పడతాయి కాబట్టి ఒకటి కాదు, మూడు తీస్తాను. నా అరవై ఒక్క ఆటలకీ మూడేసి కాపీలున్నాయి. మూడోది మా అత్తయ్య బియ్యం డబ్బాలో ఉంటుంది. ఒకసారి ఆవిడ చూసుకోకుండా ఒకదాన్ని ఉడకబెట్టేసింది కూడా.

“ఎడిల్సన్ గారూ, ఇదిగో రుజువు,” అని క్యాసెట్ తిప్పి చూపించింది. వెనక గోళ్ల రంగుతో ‘రైముండా’ అని రాసి ఉంది. “పక్కన పళ్ల గాటు కూడా ఉంది చూడండి. తుఫానులో ఆవు చచ్చిపోయినప్పుడు అమ్మమ్మ కొరికింది.”

“ఆవా?”

అప్పుడు చెప్పింది జురేమా. ఆమె పేరు అదే. అది పశువుల ఆట. అమ్మమ్మ ఇరవై రెండేళ్లుగా ఆడుతోంది. నలభై ఒక్క పశువులు, అన్నింటికీ చుట్టాల పేర్లే. ఎవరి మీద కోపం వస్తే వాళ్ల పేరున్న ఆవుకి గడ్డి బంద్. పోయిన క్రిస్మస్‌కి పెద్దమ్మ ఫోన్ చెయ్యలేదని ఆమె ఆవుని పది రోజులు పస్తు పెట్టింది.

“నవ్వకండి,” అంది జురేమా. “వాటిలో ఒక ఎద్దుంది. ఒసిమార్. మా తాతయ్య దానికి తన పేరే పెట్టుకున్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఎద్దు ఇంకా ఉంది. అమ్మమ్మ పొద్దున్నే లేచి ముందు దానికి నీళ్లు పెట్టి, ఆ తర్వాతే కాఫీ తాగుతుంది. క్యాసెట్‌లో బ్యాటరీ అయిపోతోందట. అయిపోతే అన్నీ పోతాయి కదా?”

“పోతాయి.” అబద్ధం చెప్పలేకపోయాను. “ముందు కాపీ తీసి, బ్యాటరీ మార్చి, మళ్లీ ఎక్కించాలి. నేనే మీ ఇంటికొస్తాను. ఆవిడ ఎదుటే చేస్తాను. రేపు, వాన తర్వాత.”

“వాన తర్వాతే రండి. వాన ముందు వాల్డెసిర్ వస్తున్నాడు. పెద్దమ్మ తెచ్చిన సంబంధం.”

నా గుండె గతుక్కుమంది. ఎందుకో నాకే తెలియదు, అరగంట క్రితం దాకా ఆ పిల్ల ముఖమే ఎరగను.

మా ఊళ్లో మధ్యాహ్నం వాన పడని రోజుండదు. మేం గడియారం చూసుకుని ఎవర్నీ రమ్మనం. వాన ముందు, వాన తర్వాత, అంతే. మర్నాడు పెట్టెలో కాపీ మిషన్ సర్దుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాన కోసం కూర్చున్నాను.

వాన పడలేదు.

రెండో రోజూ పడలేదు. పుట్టి బుద్ధెరిగాక నేనిలాంటిది చూడలేదు. ఫోన్ చేద్దామంటే అడ్రసే గానీ నంబరు తీసుకోలేదు. వెళ్దామంటే, వాన తర్వాత అని చెప్పి ముందే వెళ్తే ఇంకొకడి వంతులోకి చొరబడ్డట్టు. చొక్కా నలిగిపోయింది. అసాయి పళ్ల గుజ్జు గిన్నె ముందు పెట్టుకుంటే ముద్ద దిగలేదు.

మూడో రోజు జురేమాయే షాపులోకి దూసుకొచ్చింది.

“ఏం మనిషివయ్యా నువ్వు! రాలేదేం?”

“వాన పడలేదుగా!”

“అక్కడ వాడూ అదే పాట! ‘వాన ముందు రమ్మన్నారు, వాన ఇంకా పడలేదు, నా టైము అయిపోలేదు’ అని మూడు రోజులుగా మా సోఫాలో కూర్చున్నాడు. వెంట తెచ్చుకున్న గుడ్డ ఊయల కట్టుకుని పడుకుంటున్నాడు. వేయించిన చేపలు పన్నెండు తిన్నాడు!”

“వెళ్లిపొమ్మనలేరా?”

“మాటిచ్చాం కదా! పైగా ఆ పాత క్యాసెట్ అవతల పారేయండి, నెట్‌లో కొత్తది ఊరికే వస్తుందంటాడు. నెట్‌లో ఒసిమార్ వస్తాడా?” కళ్లు తుడుచుకుంది. “ఇవాళ పొద్దున రెండుసార్లు పశువులు కనబడలేదు ఎడిల్సన్. మూడోసారికి వచ్చాయి. అమ్మమ్మ కాఫీ తాగలేదు.”

ఇద్దరం ఆకాశం వంక చూశాం. మబ్బు తునక లేదు.

“మీ ఇంటికి రేకుల కప్పే కదా?” అన్నాను.

“అవును.”

“నీళ్ల పైపుందా?”

జురేమా నా వంక చూసి, మొదటిసారి నవ్వింది.

నేను గేటు దగ్గర పెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఆమె నిచ్చెన వేసుకుని కప్పెక్కి పైపు తిప్పింది. రేకుల మీద దడదడమని ఒకటే మోత. ఆ చప్పుడికి పక్కింటావిడ పరుగున వచ్చి తీగ మీది బట్టలన్నీ తీసేసుకుంది. వీధంతా ఎర్రటి ఎండ.

పావుగంటకి మోత ఆగింది. లోపల వాల్డెసిర్ అరుస్తున్నాడు. “ఇది వానేంటండీ! వీధి పొడిగా ఉంది!”

“రేకులు మోగాయా లేదా?” అంది రైముండా అమ్మమ్మ.

“మోగాయనుకోండి...”

“చూరు కారిందా?”

“కారింది గానీ...”

“మరి వాన కాక నీ బొందా? లే నాయనా, వాన తర్వాత వచ్చేవాడు గేటు దగ్గర నిలబడ్డాడు.”

వాల్డెసిర్ ఊయల చుట్టుకుని వెళ్లాడు. పోతూ పోతూ గొడుగు కూడా వేసుకున్నాడు, పాపం.

కాపీ తీయడం రెండు నిమిషాల పని. తీశాను. ఇక పాత బ్యాటరీ పీకి, కొత్తది సోల్డరింగ్ చేసి, టీవీ వెలిగించాను. ఖాళీ పొలం. ‘మీ పేరు రాయండి’ అని అడుగుతోంది. పశువొక్కటీ లేదు.

అమ్మమ్మ చేత్తో నోరు మూసుకుంది. జురేమా నా మోచెయ్యి పట్టుకుంది. బ్యాటరీ మార్చితే ఇలాగే అవుతుందని ముందే చెప్పొద్దా, దద్దమ్మా, అని నన్ను నేను తిట్టుకున్నాను.

“ఒక్క నిమిషం,” అని క్యాసెట్‌ని మళ్లీ మిషన్‌లో పెట్టి, తీసిన కాపీ అందులోకి ఎక్కించాను. టీవీ వెలిగింది. పెద్దమ్మ ఆవు, చిన్న మామయ్య దున్న, వరసగా అందరూ వచ్చారు. చివర్న, కంచె పక్కన, నల్లటి ఎద్దు.

“ఒసిమార్,” అంది అమ్మమ్మ. వెంటనే నీళ్లు పెట్టింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. మేమూ ఆపుకోలేకపోయాం.

కళ్లు తుడుచుకుని, “అబ్బాయ్, మూడు కాపీలు తీస్తావటగా? ఒకటి మీ ఇంట్లో పెట్టుకో. మా ఇంటికేమైనా అయితే ఆయన అక్కడుంటాడు,” అంది.

“కుదరదు అమ్మమ్మా. యజమాని దగ్గరే ఉండాలి. మహా అయితే వాళ్ల కుటుంబం దగ్గర. నేను పరాయివాణ్ణి.”

“ఇదేం చాదస్తంరా నీకు! అయితే కుటుంబంలోకి వచ్చెయ్. పిల్ల ఉంది, నువ్వున్నావు...”

“అమ్మమ్మా, ఆగు! అడిగేదేదో నేనడుగుతా,” అని జురేమా నా ఎదురుగా వచ్చి నిలబడింది. బట్టల్లోంచి నీళ్లు ఇంకా నేల మీదికి కారుతున్నాయి. “నేనంటే నీకిష్టమా?”

“ఇష్టం. మూడు రోజులుగా తిండి సయించట్లేదు.”

“నాక్కూడా. ఆ చేపలన్నీ వాడే తిన్నాడు.”

అమ్మమ్మ టీవీ వైపు తిరిగి, కొత్త దూడని కొని, దాని పేరు దగ్గర ఒక్కో అక్షరం నొక్కడం మొదలుపెట్టింది. ‘ఎడిల్...’ దాకా వచ్చాక ఆగి, కళ్లద్దాల పైనుంచి నా వంక చూసింది.

“రోజూ రావాలి మరి. లేకపోతే గడ్డి ఉండదు.”