అట్ట స్టేషన్

గొడుగు మడవకుండానే ఆమె ప్రెస్సులోకి దూసుకొచ్చింది. చేతిలోని పెట్టె మూత తీసి, బల్ల మీద ఒక రైల్వే స్టేషన్ పెట్టింది. పిల్లలు కత్తిరించి, మడిచి, అంటించి కట్టుకునే అట్ట బొమ్మ అది. ఉద్యోగంలో చేరాక ఆమె సొంతంగా గీసిన మొదటి కిట్. అచ్చు వేసింది ఈ ప్రెస్సే. దాని పొడవాటి గోడ విల్లులా వంగిపోయి ఉంది.

"ఇదేంటి?" అంది.

ప్రెస్సు అబ్బాయి మెషిన్ ఆపి వచ్చాడు. "స్టేషన్."

"అరటిపండు. బొమ్మల షాపు అద్దాల్లో పెట్టారు. వాన పట్టుకోగానే ఇలా తయారైంది. సాయంత్రంలోగా నిటారుగా నిలబడే బొమ్మ చూపించకపోతే కిట్లన్నీ వాపసు పంపుతానంటున్నాడు షాపాయన. ఇక మా ఆఫీసులో నా డిజైన్ ఎవరైనా ముట్టుకుంటారా?"

అతను బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గోడ సంగతి సరే. ఈ మూల చూశారా? నా చిటికెన వేలు దూరుతోంది. ఇదీ నా తప్పేనా?"

"సరిగ్గా అంటించకపోతే సందులే వస్తాయి."

"అంటించింది మీరే కదా."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కంప్యూటర్‌లో గోడకి మందం ఉండదండీ. అట్టకి ఉంటుంది. మడత దగ్గర ఆ మందానికి మీరు చోటు వదల్లేదు" అన్నాడతను.

"మరి అప్పుడే చెప్పలేకపోయారా?"

"చెప్తే వింటారా? పోయినసారి మీ ఫైల్లోనే రంగు ముదిరిందంటే మా ఇంకు డబ్బాని అనుమానించారు."

లోపల కాగితాలు సర్దుతున్న అతని తల్లి బయటికొచ్చింది. ప్రెస్సు ఆవిడదే. "తిట్టుకుంటే గోడ నిలబడదు. చెరో కత్తెర పట్టుకుని కూర్చోండి. అది నిలబడేదాకా ఇద్దరూ లేవడానికి వీల్లేదు" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

కొత్త షీటు తీసి ఆమె వేళ్ళతో వంచి చూసింది. ఒకవైపు మెత్తగా వంగింది. రెండోవైపు మొరాయించింది. అట్టకీ నార ఉంటుంది. అది గోడ పొడవునా సాగాలని తను మరీ మరీ చెప్పింది. ఇక్కడ అడ్డంగా ఉంది.

"నార అడ్డం తిప్పేశారు."

అతను తల ఎత్తలేదు. "ముందు పని కానివ్వండి."

సందు వెనక అతను సన్నటి అట్టపట్టీ అంటించాడు. అట్ట తురుమును జిగురులో ముద్ద చేసి, పుల్లతో సందులోకి నొక్కాడు. ఆరాక ఇటుక రంగు పూశాడు. సందు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. బాగుందని ఆమెకు అనిపించింది. అందుకే ఇంకా మండింది.

ఆమె గోడ లోపల అడ్డపట్టీలు అంటించింది. తడి ఒకవైపే పడితే గోడ అటే లాగుతుందని వెనక కూడా ఒక కాగితం అతికించి, రెండువైపులా లావుపాటి పుస్తకాలు ఆనించింది.

"అంత జిగురేంటి? అట్టకి స్నానం చేయిస్తున్నారా?" అంది అతనితో.

"మీ జడ జిగురు గిన్నెలో పడేట్టుంది."

"పడితే పడనివ్వండి."

అతను గిన్నె పక్కకు జరిపాడు.

గోడ ఆరుతోంది. బయట వాన ఆగడం లేదు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. "ఇప్పుడు చెప్పండి. ఎందుకు తిప్పారు?"

"నార గోడ పొడవునా రావాలంటే షీటు నిలువుగా పెట్టాలి. మా మెషిన్‌కి ఆ పొడవు పట్టదు."

"ఆ ముక్క ఫోన్ చేసి చెప్పొచ్చుగా?"

"చెప్తే పెద్ద మెషిన్ ఉన్నచోటికి వెళ్ళిపోతారు."

"వెళ్తే? మీకు వేరే పనులే లేవా?"

"పని పోతుందని కాదు." వేలికంటిన జిగురు గోక్కుంటూ అన్నాడు. "మీరు రారని."

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నోరు పెట్టుకుని చెప్పలేక నా స్టేషన్ని వంకర చేశావా? చెప్తే కొరుకుతానా? ప్రూఫులు మెయిల్లో చూసుకోవచ్చు. వానలో, ఎండలో పడి ఇంత దూరం ఎందుకొస్తున్నానో ఒక్కసారైనా ఆలోచించావా?"

అన్నాక గానీ తానేమందో ఆమెకు తెలియలేదు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో కూడా తెలియలేదు. అతని పెదాలు నవ్వుకి విచ్చుకోబోయాయి.

"నవ్వావంటే ఊరుకోను."

"నవ్వట్లేదండీ."

"మళ్ళీ అండీ ఏంటి?"

సాయంత్రం అతను పెట్టె పట్టుకుంటే ఆమె గొడుగు పట్టింది. బొమ్మల షాపాయన గోడను వేలితో నొక్కాడు, మూలల్లోకి కళ్ళు చికిలించి చూశాడు. ప్రతి కిట్‌లో అడ్డపట్టీల షీటు ఒకటి కలిపిస్తే చాలన్నాడు.

తిరిగొస్తూ ఆమె అంది, "ఈసారి అచ్చు పెద్ద మెషిన్ మీదే."

"సరే."

"మొహం అలా పెట్టకు. ప్రూఫులు నీ దగ్గరికే తెస్తాను."

గుమ్మంలో అతని తల్లి ఎదురుచూస్తోంది. "ఏమన్నారు?"

"ఒప్పుకున్నారు" అన్నాడతను.

"షాపాయనా, ఈ అమ్మాయా?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆమె మాత్రం గొడుగు విదిలిస్తూ అంది. "నాకింకా కోపం తగ్గలేదండీ. తగ్గాక చెప్తాను."

"వీళ్ళ నాన్న మీద నాకు ఇప్పటికీ తగ్గలేదు. తగ్గేదాకా ఆగుంటే వీడు పుట్టేవాడే కాదు. మీ అమ్మగారి నంబరు చెప్పు తల్లీ."

ఆమె మొహం ఇంకా ముడుచుకునే ఉంది. నంబరు మాత్రం నిదానంగా, రెండుసార్లు చెప్పింది, ఎక్కడా తప్పు పడకుండా.