చంద్రుడికి లక్క రికార్డు

తొలిమెట్ట తపాలా కార్యాలయంలో పొద్దున్నే అడుగుపెడితే ముందుగా చెవినపడేవి పెట్టెల గొంతులు. "నెమ్మది బాబూ, నాలో కొండపల్లి ఏనుగుంది, దాని తొండం ఇప్పటికే ఒకసారి అతికించారు" అని ఒకటి. "నన్ను తలకిందులు చేయకండి, నాలో ఉన్న స్టాంపుల కోసం ఒకాయన పెళ్ళి మానుకున్నాడు" అని ఇంకొకటి. చంద్రుడి మీద తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడిన ఊరు తొలిమెట్ట. కాకినాడ అంతరిక్ష రేవు నుంచి వారానికొక సరుకు నౌక వస్తుంది. అది వచ్చిన రోజు ఆ హాల్లో చేపల బజారంత గోలగా ఉంటుంది.

ఆ పెట్టెల పేరు పలుకుపెట్టెలు. వాటిని కనిపెట్టిన డాక్టర్ పసుమర్తి నీలవేణి గ్రహాంతర తపాలా బీమా సంస్థలో శాస్త్రవేత్త. అంతకుముందు చంద్రుడికి పంపిన అపురూప వస్తువుల్లో సగం ముక్కలై చేరేవి. "జాగ్రత్త" అని ఎర్ర అక్షరాలతో రాస్తే చదివేవాళ్ళు లేరు. ప్రతి డబ్బా మీదా ఆ మాట ఉంటే ఇక ఏ డబ్బా మీదా లేనట్టే. దొంగల భయంతో కొందరు పాత నాణేల పార్శిల్ మీద "ఆవకాయ" అని రాసి పంపేవారు. చంద్రుడి మీద ఆవకాయకున్న కరువు వాళ్ళకు తెలియదు పాపం. నాణేల పేరుతో పోయిన డబ్బాలైనా చేరేవి గానీ, ఆవకాయ పేరుతో పోయినవి ఒక్కటీ చేరేది కాదు.

నీలవేణి రెండు పనులు చేసింది. పెట్టె లోపల ధ్వనిపరుపు అమర్చింది. చెవికి అందని అల్ట్రాసోనిక్ తరంగాలు నాలుగు వైపుల నుంచీ నెట్టి వస్తువును గాలిలో నిలబెడతాయి, గోడలకు తగలనివ్వవు. ఇది తెలివైన పనే కానీ కొత్తదేమీ కాదు. కొత్తదల్లా పెట్టె పిడిలో ఉంది. పిడిని ఎవరు పట్టుకున్నా సెన్సర్ గుర్తుపట్టి, లోపలున్నది ఏమిటో, ఎవరికి ఎందుకు ప్రాణమో రెండు ముక్కల్లో చెబుతుంది. పంపేవాళ్ళు పెట్టెతో కాసేపు కబుర్లాడితే చాలు, మిగతాది అదే అల్లుకుంటుంది. ముక్కూ మొహం తెలియని డబ్బాను విసిరేసే మనిషే, దాని సంగతి విన్నాక రెండు చేతులతో పట్టుకుంటాడు. నీలవేణి నమ్మకమంతా దీనిమీదే. ఏడాది తిరిగేసరికి బీమా సంస్థకు పరిహారం కట్టే పనే లేకుండా పోయింది.

అపురూప వస్తువులు పోగుచేసేవాళ్ళు మాత్రం ఒక షరతు పెట్టారు. పెట్టె తన లోపలి వస్తువును పరీక్షించి దాని నకలును మెదడులో ఉంచుకుంటుంది కదా, ఆ నకలు శాశ్వతంగా నిలవకూడదన్నారు. ఒకటే ఉంటే అపురూపం, రెండుంటే సామాను అని వాళ్ళ వాదన. చివరికి చట్టం కూడా అలాగే వచ్చింది. బ్యాటరీ ఉన్నంతసేపే నకలు ఉంటుంది, బ్యాటరీ అయిపోగానే చెరిగిపోతుంది.

ఇలా ఉండగా బందరు నుంచి గఫార్ సాహెబు గారి పెట్టె బయలుదేరింది.

గఫార్ సాహెబు గారు పాత లక్క రికార్డులు పోగుచేసే మనిషి. నూట యాభై ఏళ్ళ కిందటి గ్రామఫోను పళ్ళేలు ఆయన దగ్గర మూడు గదుల నిండా ఉన్నాయి. లక్క రికార్డు అప్పడానికి అన్న లాంటిది, గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది. వాటిలో ఒక దానిమీద రేపల్లె పూర్ణమణి అనే నాటకాల నటి పాడిన పద్యం ఉంది. లోకంలో ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క పళ్ళెంలోనే. తొలిమెట్టలో నాచు పెంచే తొట్ల దగ్గర పనిచేసే సువర్చల అనే అమ్మాయి ఆ పూర్ణమణికి అయిదో తరం మనవరాలని ఆయనకు ఈమధ్యే తెలిసింది. తెలిసిన వారంలోనే పంపించడానికి సిద్ధపడ్డారు. నయాపైసా పుచ్చుకోలేదు.

బందరు తపాలా కౌంటరులో పెట్టె అడిగింది. "వస్తువు విలువ చెప్పండి. డబ్బులో చెప్పవచ్చు, మాటల్లోనూ చెప్పవచ్చు. నష్టం జరిగితే మీరు చెప్పిన విలువనే సంస్థ తిరిగి ఇస్తుంది."

"డబ్బులో ఏం చెప్పనమ్మా? ఆ అమ్మాయి ఒక్కసారి వినాలి. అదే దీని విలువ. అలాగే రాసుకో."

"మీరు ఎన్నిసార్లు విన్నారు?"

"ఒక్కసారే. కొన్నరోజున. ముల్లు పెట్టినప్పుడల్లా గాడి అరుగుతుంది కదా. అందుకని దాచిపెట్టాను" అన్నారు ఆయన. చెప్పాక తనకే నవ్వొచ్చింది. "ముప్పై ఏళ్ళు దాచాను, చూడు. ఇలాంటి మొద్దుని ఎక్కడా చూసి ఉండవు."

పెట్టె తన లేజరుతో పళ్ళెం గాడిని మొదటినుంచి చివరిదాకా తాకకుండానే చదివేసుకుంది. అంతవరకు పలుకుపెట్టెలు మోసినవన్నీ మూగవస్తువులు. గొంతున్న వస్తువు ఎక్కడం ఇదే మొదలు. ఎత్తినవాళ్ళకు సంగతి చెప్పడం దాని పని కాబట్టి, ఈసారి చెప్పడానికి బదులు పాడాలని తనే నిర్ణయించుకుంది. నీలవేణి ఈ సంగతి తెలిసి మురిసిపోయింది. అపురూపమైన రవాణా కాబట్టి, పెట్టెను దగ్గరుండి అందుకుందామని తనే ప్రయాణికుల నౌకలో ముందుగా తొలిమెట్టకు వెళ్ళింది.

నౌక దిగింది. సువర్చల నాచుతొట్ల పనిదుస్తుల్లోనే పరుగున వచ్చింది. ఆకుపచ్చ మరకలున్న చేతుల్ని నడుముకు కట్టుకున్న గుడ్డకేసి మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటూ కౌంటరు ముందు నిలబడింది.

"మా అమ్మకి ఆమె పేరొక్కటే తెలుసండీ. ఆమె నాటకాల్లో వేసేదని మా వాళ్ళు ఆ రోజుల్లో దాచేశారట. ఫొటో కూడా ఉంచలేదు. ఈ గొంతు మా ఇంట్లో ఎవరూ ఎరగరు" అంది నీలవేణితో.

నౌక సిబ్బందిలో నలుగురు లోడర్లు పెట్టెను మోసుకొచ్చారు. ఊరేగింపులో దేవుడి విగ్రహాన్ని మోసినంత భక్తిగా, ఒక్కొక్కరూ ఒక్కొక్క మూల పట్టుకుని. ముందు నడుస్తున్నది పోలినాయుడు. టెక్కలి దగ్గరి వాడు, నిలువెత్తు మనిషి. అంత జాగ్రత్తగా తెచ్చారు కానీ పెట్టె పలకలేదు. పిడిమీద దీపం లేదు. నీలవేణి గబగబా ముందుకు వచ్చింది.

మూత తీసింది. పళ్ళెం ఏడు ముక్కలై అడుగున పడి ఉంది.

సువర్చల ముక్కల్ని ఒక్కొక్కటే బల్లమీద పెట్టి గుండ్రంగా పేర్చింది. పేర్చాక మధ్యలో చిన్న నెరియలు మిగిలిపోయాయి. వాటివంకే చూస్తూ కూర్చుంది.

"బ్యాటరీ పది రోజులు వస్తుంది, మీది నాలుగు రోజుల ప్రయాణం. ఎలా అయిపోయింది?" అని అడిగింది నీలవేణి.

లోడర్ల తరఫున పోలినాయుడే నోరు విప్పాడు.

"తప్పు మాదేనమ్మా. కాకినాడలో ఎత్తగానే పాడింది. ఆ గొంతు ఇంటే ఒళ్ళు జల్లుమందమ్మా. వన్స్‌మోర్ అన్నాను, ఊరికినే, నోటికొచ్చి. అది మళ్ళీ పాడింది. ఇంక మావాలు ఊరుకుంటారేటి? ఈడో పాలి, ఆడో పాలి. దారి పొడుగునా అడుగుతానే ఉన్నాం. అదీ కాదన్నేదు, పాడతానే ఉంది. దిగే ముందర ఆగిపోయింది. అలిసిపోయిందేమో అనుకున్నాం గానీ, లోపల సరుక్కి పానం మీదికొచ్చిందని మాకు తెల్దమ్మా."

నీలవేణి పెట్టె పిడివంక చూసింది. పాటకూ పరుపుకూ ఒకే బ్యాటరీ పెట్టింది తనే. మళ్ళీ చెప్పమంటే చెప్పే ఏర్పాటు చేసిందీ తనే. పార్శిల్‌ని రెండోసారి పాడమని ఏ లోడరు అడుగుతాడులే అనుకుంది. వెనకటికి నాటకాల్లో కత్తిపోటు తిని పడిపోయిన రాజును కూడా వన్స్‌మోర్ అని లేపి, పద్యం పాడించి, మళ్ళీ చంపించిన జనంలో పుట్టి కూడా ఆ సంగతి తట్టలేదు. వస్తువును జనం ప్రేమిస్తే చాలు క్షేమంగా చేరుతుందని లెక్కవేసింది. ప్రేమించినవాళ్ళు ఒక్కసారితో ఊరుకోరన్నది ఆ లెక్కలో లేదు.

పెట్టెకు విద్యుత్తు తగిలించారు. దీపం వెలిగింది. బందరుకు ఫోను కలిపారు. గఫార్ సాహెబు గారికి విషయం నీలవేణే చెప్పింది. మాట భూమికి వెళ్ళి, ఆయన జవాబు తిరిగి వచ్చింది.

"పగిలితే పగిలిందిలే అమ్మా. లక్క ఎప్పుడో ఒకప్పుడు పగిలేదే. ఆ అమ్మాయి వినలేకపోయింది, అదే బాధ" అన్నారు.

"నకలు చెరిగిపోయింది" అని పెట్టె తన మామూలు గొంతుతో ప్రకటించింది. "పంపినవారు చెప్పిన విలువ, ఆ అమ్మాయి ఒక్కసారి వినడం. సువర్చల గారూ, ఆ విలువ మీకు చేరిందా?"

"లేదు" అంది సువర్చల.

"అయితే సంస్థ దానిని చెల్లించాలి. ఎలా చెల్లించాలో నాకు తెలియడం లేదు."

హాల్లో మిగతా పెట్టెలు తమ తమ గోలలో ఉన్నాయి. పోలినాయుడు తలపాగా విప్పి భుజాన వేసుకుని ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"అమ్మా, మీరు కోప్పడనంటే ఓ మాట. మాకది నోటికొచ్చేసింది."

సువర్చల తలెత్తి చూసింది.

"అది ఎలా పాడిందో అలాగే పాడతాం. మా సొంతం ఏటీ కలపం. ఆయమ్మ దగ్గిన కాడ మేమూ దగ్గుతాం" అన్నాడు పోలినాయుడు.

నలుగురూ వరసగా నిలబడ్డారు. ముందు ఒకడు పళ్ళ సందుల్లోంచి సన్నగా బుస్సుమని మొదలుపెట్టాడు. ముల్లు గాడిలో తిరిగే చప్పుడు అది. ఇంకొకడు హార్మోనియం శ్రుతిని ముక్కుతో అందుకున్నాడు. పోలినాయుడు కళ్ళు మూసుకుని, అంత భారీ మనిషీ గొంతును నూలుపోగంత చేసి ఎత్తుకున్నాడు.

"తెడ్డు వేయకు, తెడ్డు వేయకు నావికా..."

అవతలి ఒడ్డుకు పోతున్న మగడి పడవను ఆపమని ఒక ఇల్లాలు వేడుకునే పద్యం అది. మొదటి పాదం చివర పూర్ణమణి ఊపిరి అందక చిన్నగా ఆగిందట, పోలినాయుడు కూడా అక్కడే ఆగాడు. రెండో పాదంలో ఒక దగ్గు. మూడో పాదంలో "నావికా" అన్న మాటను ఆమె రేపల్లె వైపు యాసలో కాస్త సాగదీసింది, టెక్కలి మనిషి నోట అదే సాగదీత వచ్చింది. చివర రాగం తీసేటప్పుడు నలుగురి గొంతులూ కలిసి పైకి వెళ్ళాయి. హాల్లో పార్శిళ్ళ కోసం వచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తమ పెట్టెల్ని మాట్లాడనీయకుండా పిడులు వదిలేశారు. ఫోనులో గఫార్ సాహెబు గారు కూడా వింటున్నారు.

సువర్చల రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని విన్నది. ఆమెకు తెలియకుండానే కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఎవరికి దండం పెట్టాలో తెలియనంత కృతజ్ఞత ఆమెకు కలిగింది. ఇచ్చేసిన ఆ ముసలాయనకా, పాడిన పెట్టెకా, దాన్ని ఆగకుండా పాడించి పగలగొట్టిన ఈ నలుగురికా?

రాగం ముగిసింది. బుస్సుమనే చప్పుడు మాత్రం ఇంకా సాగుతోంది. నీలవేణి కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టబోయింది. పోలినాయుడు కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఆపాడు. తల ఒక పక్కకు తిప్పి, ఎదురుగా ఎవరో యంత్రం దగ్గర కూర్చుని ఉన్నట్టు, బెరుకుగా, లోగొంతుతో అన్నాడు.

"బాగా వచ్చిందాండీ?"

అక్కడితో బుస్సు కూడా ఆగింది. పోలినాయుడు కళ్ళు తెరిచాడు. "అంతేనమ్మా. ఆకర్న ఆ మాట కూడా ఉంది. అది పద్యంలోదో కాదో మాకు తెల్దు. ఉన్నది ఉన్నట్టు అనీసాం" అన్నాడు.

"ఆ మాట నేనెప్పుడూ వినలేదమ్మా" అన్నారు ఫోనులో గఫార్ సాహెబు గారు. "రాగం అవగానే ముల్లు ఎత్తేశాను. గాడి అరిగిపోతుందని."

పూర్ణమణి ఆ రోజు పద్యం పూర్తిచేసి, రికార్డింగు యంత్రం ఆపేశారనుకుని, అక్కడున్న మనిషిని అడిగింది. ఆ మనిషి ఏం చెప్పాడో గాడిలో లేదు. ఆ తర్వాత ఇంటివాళ్ళు ఆమె పేరే దాచేశారు, జవాబు చెప్పే మాట అటుంచి.

సువర్చల లేచి పోలినాయుడి ఎదురుగా వచ్చి నిలబడింది. చూస్తున్నది మాత్రం అతన్ని కాదు.

"బాగా వచ్చింది జేజమ్మా" అంది. "చాలా బాగా వచ్చింది."