చల్లారిన పడక

"ఒరే ధనరాజూ, మీ బావ మురళీమోహన్ పనిచేసే సబ్‌మెరైన్ వచ్చే నెల కళింగపట్నం దగ్గర ట్రయల్‌కి దిగుతాది," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ వేంకటాచలం. అరసవల్లి లాడ్జి గదిలో ఫ్యాన్ చప్పుడు చాటున గొంతు తగ్గించాడు. "సింగపూర్ నుంచి విశాఖకి యాట్ రేస్, అదే తెరచాప పడవల పందెం ఉన్నాది. అందులో సీపెర్ల్ అనే పడవ, మన తీరానికొచ్చాక నీళ్లలో ఓ పెట్టె జారవిడుస్తాది. సబ్‌మెరైన్ చప్పుడు ఆ పెట్టెకి చిక్కిందా, తర్వాత అది ఏ సముద్రంలో దాక్కున్నా పగోళ్లు పట్టేస్తారు. మీ సెల్లెలి తాళి నీ సేతిలో ఉన్నాది."

"జారవిడిసేది ఎవరు సార్?"

"అదే తెలీదు. మనకి కబురు పంపిన ఏజెంటూ ఆ పడవలోనే ఉన్నారు. అదెవరో నాకూ తెలీదు. 'పొందూరు పంచె' అని గుర్తుమాట ముందు వాళ్లే అంటారు. నువ్వు తొందరపడి నోరు జారకు."

అలా ధనరాజ్ వంట తెలిసిన డెక్ హ్యాండ్ వేషంలో సీపెర్ల్ ఎక్కాడు. పడవలో మరో ఇద్దరే ఉన్నారు. స్కిప్పర్ ఫెలిక్స్‌కి బరువంటే భయం. అందరి టూత్‌బ్రష్‌ల పిడులూ సగానికి కోయించాడు. ధనరాజ్ కుక్కర్ కనిపించినప్పుడల్లా పళ్లు నూరేవాడు. నావిగేటర్ సుహాసిని ఎంత తుఫానులోనూ లిప్‌స్టిక్ చెదరనివ్వదు. ఇంగ్లీషు తప్ప మాట్లాడదు. అంత అందం ఈ ఉప్పునీళ్లలో ఎందుకు నానుతోందో ధనరాజ్‌కి అంతుబట్టలేదు.

బరువు తగ్గించడానికి ముగ్గురికీ ఒకటే పడక. ఇద్దరు పైన పడవ నడిపితే ఒకరు కింద నిద్రపోవాలి. వంతులు రోజూ మారేవి. ముందు పడుకున్నవాళ్ల ఒంటి వేడి ఆరకముందే తర్వాతివాళ్లు అందులో దూరాలి. ఇంట్లో అయితే ఛీ అనుకునేవాడే. ఇక్కడ తడిసి వణుకుతూ వచ్చినవాడికి ఆ వేడే దుప్పటి.

కళింగపట్నం దగ్గరపడిన రోజు పొద్దున్న సుహాసిని ఆవులిస్తూ పైకొచ్చింది. ధనరాజ్ కిందికి దిగి పడక మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

పడుకోనిదానికి ఆవులింతెందుకు? ధనరాజ్ నడుం వాల్చకుండా పడవంతా గాలించాడు. పెట్టె దొరకలేదు సరికదా, కుక్కరూ మాయమైంది. అనుమానం ముదిరింది.

అతను పైకొచ్చేసరికి లైట్‌హౌస్ కనబడుతోంది. రేడియోలో, చీఫ్ ఏర్పాటు చేసిన చేపల బోటు గంగులు గొంతు వినిపించింది. "వంజరాలున్నాయి బాబూ. ఏటి, తెమ్మంతావా?" దగ్గర్లోనే కాచుకుని ఉన్నానని అతని సంకేతం.

ధనరాజ్ జవాబిచ్చేలోగా ఫెలిక్స్ తన పనిముట్ల సంచి ఎత్తాడు. బరువంటే పడనివాడు ఇంత బరువు దాచుకున్నాడా! ధనరాజ్ దూకబోయాడు. సుహాసిని అతని నడుముకున్న సేఫ్టీ తాడు పట్టి వెనక్కి లాగింది. సంచి బుడుంగున మునిగిపోయింది.

ఇద్దరూ తోడుదొంగలే! చెల్లెలికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అప్పుడు చెవి దగ్గర చిన్నగా వినిపించింది. "పొందూరు పంచె."

పెట్టె పనిచేస్తే ఫెలిక్స్ చేతిలోని రిసీవర్‌లో వెలగాల్సిన పచ్చదీపం వెలగలేదు. మొహం మాడ్చుకుని పిస్టల్ తీశాడు. "సంచిలో ఏం పెట్టావు?"

"కుక్కర్," అంది సుహాసిని. "మూడు విజిల్స్ రానీ."

పిస్టల్ ఆమె వైపు తిరిగింది. ధనరాజ్ చుక్కానిని బలంగా తన్నాడు. పడవ గిర్రున తిరిగింది. తెరచాప అడుగునున్న బూమ్ అనే అడ్డకర్ర అటు నుంచి ఇటు ఊగి ఫెలిక్స్‌ని నీళ్లలోకి నెట్టింది. తుపాకీ పేలింది కానీ, గుండు ఆకాశానికే తగిలింది.

గంగులు వల విసిరాడు. "వంజరం కాదు బాబూ, పెద్ద సొరే పడినాది!"

ధనరాజ్ సుహాసిని వైపు తిరిగాడు. "ఆ మాట ముందే అనొచ్చు కదా?"

"ఎలాగంతాను? మొన్న నీ తర్వాత పడుకుందారని వస్తే పడక సల్లగున్నాది. నువ్వే ఆడి మనిషివనుకున్నాను. ఇప్పుడు నువ్వు సంచి కోసం దూకబోతే గదా తెలిసింది." ఇంగ్లీషు ఎటుపోయిందో, నోట అచ్చం విజయనగరం పలికింది.

"మరి అసలు పెట్టె?"

"పొద్దున్నే నీ తలగడ గలీబులో పెట్టీసినాను, నువ్వెలాగూ పడుకోవు, అక్కడెవరూ ఎతకరని. ఓపాలి పడుకునుంటే మెడ పట్టీసి నీకే తెలుస్తును."

ధనరాజ్ కిందికి దిగి తలగడ తడిమాడు. గట్టిగా తగిలింది. బావ ఈ సాయంత్రం ఈ నీళ్ల కిందనుంచే నిశ్చింతగా వెళ్తాడు. ధనరాజ్‌కి కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. మొన్న తనూ పెట్టె కోసం వెతుకుతూ నడుం వాల్చలేదు. ఈ రేసులో కంటినిండా నిద్రపోయిందీ, పడక వెచ్చగా అప్పగించిందీ ఆ దొంగ వెధవ ఒక్కడే.