మెట్టకూరు నీటికట్టు

అసురసంధ్య... పగలు చచ్చి రాత్రి ఇంకా పుట్టని పాడువేళ! గోదావరి మీద కారుమేఘాలు గుట్టలుగా పేరుకుపోయి ఉన్నాయి. ఉండుండి ఒక ఉరుము ఆకాశం కడుపులోనే గుడగుడలాడి అణగిపోతోంది. యానాంలో మెట్టకూరు శివార్లలో కొత్తగా కట్టిన లేఅవుటు ఆర్చి మీద ఒక గుడ్లగూబ వాలి, మెడ తిప్పి తిప్పి కిందికి చూస్తోంది. ఎర్ర గ్రావెల్ రోడ్లు, సున్నం కొట్టిన ప్లాటు రాళ్లు, ఒక్క ఇల్లూ లేని వీధులు... ఆ నిర్జన ప్రాంగణంలో ఆ వేళ ప్రాణంతో కదులుతున్నది ఒక్క ఎస్తేర్‌రాణే.

ఆమె చేతిలో ఇనప ఆగర్ ఉంది. దాన్ని నేలలో దింపి, పిడి పట్టుకుని తిప్పి పైకి లాగితే లోపలి మన్ను పొరలు పొరలుగా బయటికొస్తుంది. కాకినాడలో ఒక మట్టి పరీక్షల ల్యాబులో ఆమెకు ఉద్యోగం. ఈ లేఅవుటు కింద ఒకప్పుడు మడ అడవి ఉండేదని, పోటుకు ఉప్పునీరు ఇక్కడిదాకా ఎక్కేదని ఎవరో కేసు వేశారు. అలాంటిదేమీ లేదని యజమాని పెదబాబు వాదించాడు. మడచెట్లు నరికేసి, గ్రావెల్ పోసి, రోలరు తొక్కించాక ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? అందుకని కోర్టు మన్నునే అడిగి రమ్మంది. పాత నీటి హద్దు ఎక్కడిదాకా ఉండేదో తేల్చమంది.

మన్నుకు దాచుకోవడం రాదు. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన మన్ను బూడిదరంగుకు తిరుగుతుంది. నీరు పోటుకు వచ్చి ఆటుకు పోయే చోట ఆ బూడిదలో తుప్పు చారలు పడతాయి. నీరెరుగని మన్ను నిండా గోధుమరంగుగానే ఉంటుంది. పైన ఎంత గ్రావెల్ పోసినా కింద ఆ రంగులు అలాగే పడి ఉంటాయి. ఎస్తేర్ ఆ రంగులు చూసుకుంటూ రెండు వరసల్లో జెండాలు పాతింది. ఆటులో కూడా నీరు నిలిచి ఉండిన మేరకు నీలం జెండాలు, పోటునీరు ఎక్కిన చివరి గీతకు పసుపు జెండాలు. రెండు గీతలకూ మధ్య సగం లేఅవుటు ఉంది.

నీలం గీత మీద ఆఖరి గొయ్యి మిగిలింది. ఆగర్ దింపింది, తిప్పింది, లాగింది. మన్ను చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. పొరలు తలకిందులుగా ఉన్నాయి! అడుగున ఉండాల్సిన బూడిద మన్ను గ్రావెల్‌తో కలిసి పైన ఉంది. ఇక్కడ ఎవరో గ్రావెల్ పోశాక తవ్వి మళ్లీ పూడ్చారు. ఇంకాస్త లోతుకు దింపింది. ఈసారి మేకులు గుచ్చిన నిమ్మకాయ వచ్చింది... నల్లగా, మెత్తగా, పాడు వాసన కొడుతూ! దాని వెనకే ఒక తడి గుడ్డపీలిక. ఎరుపూ నీలం గళ్ల లుంగీ అది. పోయిన క్రిస్మస్‌కి ముందటి క్రిస్మస్‌కి తమ్ముడు ఏబెల్‌కు తనే కొన్నది. ఎరుపు కట్టనని వాడు పేచీ పెడితే అమ్మ బతిమాలి కట్టించింది.

అంతలో ఫోను మోగింది. అమ్మ నంబరు.

"అక్కా..."

అది అమ్మ గొంతు కాదు. ఏడాది కిందట గోదావరిలో కనపడకుండా పోయిన ఏబెల్ గొంతు.

"మెల్లగా తిప్పక్కా... నా పక్కటెముకకి తగులుతుంది."

ఎస్తేర్ ఆటో ఎక్కి ఫరంపేటలో ఇంటికి చేరింది. నిజానికి ఆ గొంతు ఆమె వినడం మొదటిసారి కాదు. ఆమె మెట్టకూరులో మొదటి గొయ్యి తవ్విన రోజు నుంచే అమ్మకు ఇలా అవుతోంది. సంధ్యవేళ అయ్యేసరికి దీనమ్మ కళ్లు పైకి తేలిపోతాయి, నోట్లోంచి కొడుకు మాట వస్తుంది. కొడుకు మీద బెంగతో మతి చెదిరిందనుకుంది ఎస్తేర్. కాకినాడలో డాక్టరు దగ్గర నంబరు కూడా రాయించింది.

బెంగ పడకుండా ఎలా ఉంటుంది? ఏబెల్ పీతలు పట్టేవాడు. నిరుడు వరద తీశాక ఒక రోజు వాడి పడవ ఒట్టిగా ఒడ్డుకొచ్చింది. వాడు రాలేదు. చర్చి సంఘం పెద్దలు జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టిద్దామంటే దీనమ్మ ఒప్పుకోలేదు. శవాన్ని చూడకుండా నా కొడుకు చచ్చాడని నేను పాట పాడను అంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. మళ్లీ ఈ వారం రోజులుగానే ఆమె తల దువ్వుకుంటోంది, పీతల కూర వండుతోంది, తనలో తను నవ్వుకుంటోంది. ఎస్తేర్‌కు ఆ గొంతు కన్నా ఆ నవ్వు చూస్తేనే ఎక్కువ భయం వేసేది.

ఇప్పుడు దీనమ్మ అరుగు మీద కూర్చుని, అచ్చం ఏబెల్ కూర్చున్నట్టే కాళ్లు ఊపుతోంది. ఒళ్లో కూర పళ్లెం. కనుగుడ్లు కనపడటం లేదు... రెండు తెల్లటి గవ్వలు!

ఎస్తేర్ ఆమె పాదాల దగ్గర కూలబడింది. "ఎక్కడున్నావురా ఏబెల్?"

"నీ జెండా కిందేనక్కా."

"ఎవరు చేశార్రా ఈ పని?"

"మంత్రగాడు. మహంకాళయ్యంట, నీళ్లెరగని మెట్ట నుంచి వచ్చేడు. పెదబాబు గారే తీసుకొచ్చేరు. వానొత్తే గ్రావెల్ అడుగునుంచి నీళ్లు ఉబికి వచ్చేత్తన్నాయంట, ప్లాటులు ఎవరూ కొంటం లేదంట. నీళ్లెక్కడిదాకా ఉండేయో చూపించమన్నాడు. చిన్నప్పట్నుంచీ అక్కడే పీతలు పట్టేను కదా, చూపించేను. హద్దు చూపించినోణ్ణే హద్దులో పాతి కాపలా పెట్టాలంట. నీళ్లొచ్చినప్పుడల్లా నేను అడ్డం పడి తొయ్యాలక్కా. తోసేదాకా ఊరుకోడు. నీళ్లు శానా బరువు."

ఎస్తేర్ ఏడుపు ఆపుకోలేకపోయింది. చిన్నప్పుడు నీళ్లబిందె మొయ్యలేక సగం ఒలకబోసుకుని వచ్చేవాడు వీడు. వీడి చేత గోదావరిని తోయిస్తున్నాడు ఆ దుర్మార్గుడు! ఏడుస్తూనే ఆమెకొక సంగతి తట్టింది.

"హద్దు ఏ వేళప్పుడు చూపించావురా?"

"ఆటులో. ఆడు అడిగింది ఆటులోనే మరి. పోటుకి ఎక్కడిదాకా ఎక్కుద్దో అడగలేదు. మెట్టోడు కదా, ఆ వేళకి నీళ్లు ఎక్కడిదాకా ఉబికితే అదే గట్టనుకున్నాడు."

గోదారి ఒడ్డున పుట్టిన పసివాడు కూడా చెయ్యని పొరపాటు అది. ఏబెల్‌ను పాతింది నీలం గీత మీద. అసలు హద్దు పసుపు గీత. ఆ సంగతి భూమ్మీద ఇప్పుడు ఎస్తేర్ ఒక్కదానికే తెలుసు.

"రేపు అమావాస్యకి నన్ను పాతి ఏడాదక్కా. సంధ్యవేళ ముద్ర వేత్తాడు. వేసేక నన్నింకెవరూ తియ్యలేరు. నా గుండెల్లో ఇనప మేకు దిగ్గొట్టేడు, అది లాగెయ్యి."

"లాగితే?"

దీనమ్మ ఊపుతున్న కాళ్లు ఆగిపోయాయి.

"ఎల్లిపోతాను."

దీనమ్మ తల వాలిపోయింది. కళ్లు మామూలుగా అయ్యాయి. కొంగుతో మూతి తుడుచుకుని పళ్లెం కేసి చూసుకుంది. "చూడవే, ఇవాళ సగం కూడా తినలేదు" అంది తన సొంత గొంతుతో.

"అమ్మా, వాడన్నది విన్నావా?"

"నాకేం వినపడలేదు." దీనమ్మ కూతురి మొహం చూడకుండా లేచింది. "రేపు మంచి పీతలు తెప్పించు. రేపు కూడా వత్తాడు."

మర్నాడు పొద్దున్నే ఎస్తేర్ స్టేషన్‌కు వెళ్లి లుంగీ పీలిక చూపించింది. శవం తవ్వాలంటే తాసిల్దారు గారు ఉండాలి, ఎల్లుండి చూద్దామమ్మా అన్నారు. వాళ్లది రూలు. అమావాస్య రూలు చూసుకుని ఆగదు కదా!

ఆ సాయంత్రం ఆకాశం సగానికి చీలినట్టు మెరిసింది. తూర్పున సముద్రం మీదనుంచి ఉప్పుగాలి బుసలు కొడుతోంది. పోటు ఎక్కే వేళ! ఎస్తేర్ ఆర్చి దాటి లోపలికి పరుగెత్తింది. ఆమె వెనకే, చెప్పులు కూడా లేకుండా దీనమ్మ.

నీలం జెండా దగ్గర గొయ్యి తెరిచి ఉంది. బూడిద మన్నులోంచి ఇనప మేకు తల పైకి లేచింది. దాని మీద బోర్లించిన ఎవరిదో పాత కపాలం! ఆ కపాలం కంటి గుంటల్లో ఆముదపు దీపాలు రెండు ఎర్రగా రెపరెపలాడుతున్నాయి. గొయ్యికి అవతల, గట్టి నేల అనుకున్న చోట, రక్తచందనపు ముగ్గు మధ్య మహంకాళయ్య పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. జడలు కట్టిన జుట్టు, నిప్పుకణికల్లాంటి కళ్లు, పెదవుల మీద ఎడతెగని మంత్రోచ్చారణ... ఓం హ్రీం స్తంభయ స్తంభయ! అతని వెనక చేతులు కట్టుకుని పెదబాబు నిలబడ్డాడు.

మహంకాళయ్య కళ్లు తెరిచాడు. "ఆ గీత దాటి ఒక్క అడుగు వేశావా... నీ నెత్తురుతో ముద్ర వేస్తాను!"

"మీరు కూర్చున్నది కూడా నీళ్ల నేలేనండి" అంది ఎస్తేర్. తన గొంతు అంత నెమ్మదిగా వస్తుందని ఆమె అనుకోలేదు. "మా తమ్ముడు మీకు చూపించింది ఆటు గట్టు. పోటు గీత మీ వెనక చాలా దూరంలో ఉంది. ఆ పసుపు జెండాలు చూడండి."

మాంత్రికుడు వికటంగా నవ్వాడు. పెదబాబు మాత్రం నవ్వలేదు. ఎంతైనా యానాం మనిషి.

"హద్దు చూసింది ఆటులోనా స్వామీ?" అన్నాడు ఎండిపోయిన గొంతుతో. స్వామి జవాబు చెప్పేలోపే వెనక్కి తిరిగి, పసుపు జెండాల వైపు పరుగు లంకించుకున్నాడు.

ఎస్తేర్ గోతిలోకి దూకి కపాలాన్ని పక్కకు తోసేసింది. రెండు చేతులా మేకు పట్టుకుంది. మంచులా చల్లగా ఉంది అది. ఒక్క రవ్వ కదిలింది.

"ముసలిదానా!" గర్జించాడు మహంకాళయ్య. "నీ కూతుర్ని ఆపు! ముద్ర పడితే నీ కొడుకు రోజూ సంధ్యవేళ నీ నోట పలుకుతాడు. నువ్వు చచ్చేదాకా పలుకుతాడు. మేకు ఊడిందా, ఇక ఈ జన్మలో వాడి మాట వినలేవు!"

దీనమ్మ గోతి అంచున మోకాళ్ల మీద పడింది. ఎస్తేర్ రెక్క గట్టిగా పట్టుకుంది.

"తియ్యకే... నీకు దణ్ణం పెడతానే. మళ్లీ పోతాడే వాడు."

అదే నోట్లోంచి, ఆ మాట పూర్తవకుండానే ఇంకో గొంతు వచ్చింది. "తియ్యక్కా. మొయ్యలేకపోతన్నాను."

"ఏవీ తినలేదు వాడు... నిన్న కూడా సగమే తిన్నాడు..."

"అమ్మా, నన్నొగ్గెయ్యే."

ఒకే మొహం, ఒకే పెదాలు. ఒకరు ఉండమని ఏడుస్తున్నారు, ఇంకొకరు పోతానని ఏడుస్తున్నారు. ఎస్తేర్ ఆ మొహాన్ని చూడలేకపోయింది. తల్లి చెయ్యి రెక్క మీద ఉండగానే, కళ్లు మూసుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మేకు లాగేసింది.

"అక్కా" అన్నాడు ఏబెల్. పీతల బుట్ట దించేసి ఇంట్లోకి వస్తూ ఎలా పిలిచేవాడో అలాగే పిలిచాడు. తర్వాత దీనమ్మ నోరు తెరుచుకునే ఉంది గాని మాట రాలేదు.

ఫెళఫెళమని ఆకాశం విరిగిపడింది! ఎస్తేర్ తవ్విన గోతులన్నిట్లోంచీ ఒక్కసారిగా నీరు చిమ్మింది. ఎర్ర గ్రావెల్ పెరుగులా వదులైపోయింది. ఏడాదిగా ఒక కుర్రాడు ఒంటరిగా తోసి ఆపిన నీరు... తన చోటు తను వెతుక్కుంటూ వచ్చేసింది. అది తల్లీకూతుళ్ల నడుం దాకా వచ్చి, పసిపిల్లల్ని దాటినట్టు వాళ్లను దాటిపోయింది. మహంకాళయ్య ముగ్గు కరిగిపోయింది. అతడు లేచి, "స్తంభయ! స్తంభయ!" అని అరుస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. గీత ఇవతలే ఉన్నాను, నీకు ఇక్కడ హక్కు లేదని కేకలు పెట్టాడు. నీటికి అతని గీత తెలియదు. మోకాళ్లు దిగిపోయాయి, నడుం దిగిపోయింది... చివరికి జడలు కట్టిన జుట్టు ఒక్కటే కాసేపు తేలి, అదీ పోయింది. నీరు పసుపు జెండాల దాకా వెళ్లి ఆగింది. జెండాల అవతల రోడ్డు మీద బోర్లాపడి ఉన్న పెదబాబు చెప్పులు కూడా తడవలేదు.

తెల్లారి తాసిల్దారు గారు రాకతప్పలేదు. పెదబాబు తనంతట తనే జరిగిందంతా ఒప్పుకున్నాడు. తవ్వితే మహంకాళయ్య బూడిద మన్నులో నిలువునా పాతుకుపోయి దొరికాడు. పైన గ్రావెల్ మీద ఎక్కడా చిన్న బీట కూడా లేదు.

ఏబెల్ ఎముకలు పరీక్షలు అన్నీ అయి ఇంటికి రావడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ కొన్నాళ్లూ దీనమ్మ కూతురితో మాట్లాడలేదు. సంధ్యవేళ అరుగు మీద కూర్చుని నోరు కొంచెం తెరిచి ఉంచేది. ఏమీ వచ్చేది కాదు. చీకటి పడ్డాక నోరు మూసుకుని లోపలికి వచ్చేది. ఎస్తేర్ అన్నం పెడితే తినేది, అంతే.

ఫరంపేటలో సమాధుల దొడ్డికి సంఘమంతా వచ్చింది. పాట పాడారు, పాస్టరు గారు వాక్యం చదివారు. పెట్టె దింపారు. మన్ను వెయ్యమ్మా అంటే దీనమ్మ వంగి గుప్పెడు తీసుకుంది గాని వెయ్యలేదు. అలాగే పట్టుకుని కూతురి దగ్గరికి వచ్చి, గుప్పిట తెరిచి చూపించింది.

"నువ్వు మన్ను చూసేదానివి కదా" అంది. అన్నాళ్ల తర్వాత అదే మొదటి మాట. "ఇది పొడి నేలేనా? సరిగ్గా చూసి చెప్పు. వాడు శానా నానిపోయేడు."

ఎస్తేర్ చూసింది. అమ్మ చేతిలో బూడిదరంగు మన్ను, దానిలో సన్నగా తుప్పు చారలు. వానాకాలం వస్తే నీరు ఇక్కడిదాకా ఎక్కుతుంది.

"పొడిదేనమ్మా" అంది.

దీనమ్మ తల ఊపి, వెళ్లి కొడుకు మీద మన్ను వేసింది.