అలుగు బొరియ

"నా బొమ్మే దాన్ని సంపింది మేడం," అన్నది నర్మద, కుర్చీలో కూర్చోకముందే.

కరీంనగర్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరున్న స్వరూప ఆమెకు మంచినీళ్లు ఇప్పించింది. బొగ్గు గనుల్లో లారీ నడిపి రిటైరైన హనుమండ్లు ఇప్పుడు స్వరూపకు డ్రైవరు, సహాయకుడు. అతను తలుపు దగ్గరగా వేసి నిలబడ్డాడు.

నర్మదది కాగజ్‌నగర్. అంతరించిపోతున్న జంతువుల బొమ్మలు వేసి, అమ్మితే వచ్చిన డబ్బంతా అడవిని కాపాడే పనులకు ఇస్తుంది. ఈసారి అలుగును వేసింది. ఒళ్లంతా పొలుసులతో, భయపడితే బంతిలా చుట్టుకుపోయే ఆ జంతువును బోథ్ దగ్గరి గుట్టలో, అడవికి కాపలా ఉండే బీట్ వాచర్ భూమన్న ఆమెకు చూపించాడు. మొన్న ఎవరో దాని బొరియకు పొగబెట్టి తల్లినీ పిల్లనూ పట్టుకుపోయారు. జాడ తెలిసినవాడని అటవీ అధికారులు భూమన్ననే నిర్బంధించారు.

"చోటు తెలువద్దని బొరియను బొమ్మల తప్పు జాగల ఏసిన," అన్నది నర్మద. "ఆడున్న పెద్దరాయి, ఇప్పచెట్టు మాత్రం ఉన్నయి ఉన్నట్టే ఏసిన. గుట్ట ఎరిగినోళ్లు గుర్తుపడుతరు. బొరియను మొదలు చెట్టు కింద ఏసిన, మంచిగ రాలే. దాన్ని చెరిపి రాయికి ఎడమ పక్కకు మార్చిన. అసలుది రాయి ఎనుక ఉంటది."

"బొమ్మను ఎవరెవరు చూసిన్రు?"

"వన్యప్రాణి సంఘం అధ్యక్షుడు రాజేశం సార్, ఫ్రేము కట్టిన పోశం. ఇంకెవరు చూడలే. రేపు సార్ పెట్టే ప్రదర్శనల అందరు చూస్తరు."

మధ్యాహ్నానికి వాళ్లు గుట్ట చేరారు. రాయి వెనుక బొరియ నోరు తవ్వి పడేసి ఉంది. లోపలంతా మసి. ఇప్పచెట్టు కింద మరో గుంత, నడుం లోతు, ఖాళీగా ఉంది. రాయికి ఎడమ పక్క నేల మీద మాత్రం ఎండుటాకులు కూడా చెదరలేదు. కొంచెం దిగువన మూడు రాళ్ల పొయ్యి కనిపించింది. దాని చుట్టూ ఈగలు ముసిరాయి. నీళ్లు మరిగించి, అమ్ముకునేందుకు పొలుసులు ఊడదీసింది అక్కడే.

"పిల్లను గూడనా మేడం?" అన్నాడు హనుమండ్లు, తువ్వాలతో ముక్కు మూసుకుని.

స్వరూప వాగు దాకా నడిచింది. వాగులో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

అటవీ ఆఫీసులో కూర్చోబెట్టిన భూమన్నను కలిస్తే అతను తల ఎత్తలేదు. "కండ్లు మూసుకొని గూడ ఆ బొరియ కాడికి పోత నేను. గానీ తీస్కపోనీకె కాదు, కావలికి," అన్నాడు.

అక్కడి నుంచి కాగజ్‌నగర్‌లో పోశం దుకాణానికి వెళ్లి, బొమ్మలో ఏమున్నదని అడిగారు.

"రాయి పక్కపొంటి బొక్క, దాంట్లకెంచి ముక్కు బయటపెట్టిన అలుగు," అన్నాడు పోశం. "అద్దం ఏస్తనంటె ఆమెనే వద్దన్నది."

రాజేశం ఇంట్లో చాయ్ పెట్టించి కూర్చోబెట్టాడు.

"సగం ఏసినప్పుడు వాళ్లింట్ల చూసిన. తర్వాత ప్రదర్శన పనుల్ల తీరలే. పాపం, మూగజీవి. భూమన్న గంత పని చేస్తడనుకోలే," అన్నాడు.

స్వరూప చాయ్ ముట్టలేదు. బయటికి రాగానే అటవీ రేంజర్‌కు ఫోన్ చేసింది.

మర్నాడు ఉదయం హాలులో ఆహ్వానితులు కూర్చున్నారు. రేంజర్ భూమన్నను వెంటబెట్టుకొచ్చాడు. పోశం తలుపు దగ్గర ఉన్నాడు. బొమ్మ మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. రాజేశం దాన్ని తీయబోతుంటే స్వరూప ఆపింది.

"బొమ్మల బొరియ ఏడున్నది సార్?"

"ఇప్పచెట్టు కింద," అన్నాడు రాజేశం నవ్వుతూ.

గుడ్డ తొలగింది. బొరియ రాయికి ఎడమ పక్కన ఉంది.

"పట్టుకపోయినోళ్లు మొదలు చెట్టు కింద తవ్విన్రు," అన్నది స్వరూప. "అసలు చోటు తెలిసిన భూమన్నకు ఆ గుంతతోని పని లేదు. పోశం చూసింది పూర్తయిన బొమ్మ. అది చూసి పోతే రాయి ఎడమ పక్క తవ్వుతుండె. అక్కడ ఆకు గూడ కదల్లే. బొరియ చెట్టు కింద ఉన్న బొమ్మను చూసింది మీరొక్కరే. అక్కడ దొరకకపోయేసరికి చుట్టుపక్కల వెతికిచ్చి అసలుది పట్టిన్రు."

"ఒక్క గుంతను పట్టుకొని నన్ను దొంగను చేస్తరా?"

"గుంత ఒక్కటే కాదు," అంటూ రేంజర్ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. స్వరూప ఫోన్ మీద, పొద్దున హాలు బయట ఆగిన రాజేశం కారును వెతికితే దొరికింది అది. పైన 'అలుగును కాపాడుదాం' అని అచ్చేసిన కరపత్రాలు. వాటి కింద గోనెసంచిలో పొలుసులు. కొన్ని అరచేయంత ఉన్నాయి, కొన్ని చిటికెన వేలి గోరంత. కుళ్లిన వాసన హాలంతా కమ్మింది. ముందు వరుసలో ఒకావిడ లేచి బయటికి వెళ్లిపోయింది.

రాజేశం చొక్కా సర్దుకున్నాడు. "నేను కాకపోతే ఇంకొకడు తీస్కపోతుండె. దాని పేరు మీద ప్రదర్శన అన్న పెట్టిన గదా నేను," అన్నాడు. ఆ గొంతులో ఎక్కడా సిగ్గు లేదు.

నర్మద అతని వైపు చూడలేకపోయింది. భూమన్న మాత్రం సంచిలోని చిన్న పొలుసులనే చూస్తూ నిలబడ్డాడు.

పోలీసులు రాజేశాన్ని తీసుకెళ్లాక, కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన నర్మద దగ్గరికి వచ్చాడు. "ఈ బొమ్మ ఇంక అమ్ముతరా అమ్మా? ఇంత కథ జరిగింది, ఇప్పుడు దీనికి విలువ పెరుగుతది," అన్నాడు.

నర్మద బొమ్మను గోడ మీంచి దించింది. అలుగు ముఖాన్ని గుండెలకు ఆనించుకుని, దారి ఇమ్మన్నట్టు ఆయన ఎదుట నిలబడింది. ఆయన పక్కకు జరిగేదాకా కదల్లేదు.