భుజం మీద తాళం

ఈస్టర్ ముందు బుధవారం. ఎవోరా పట్టణంలోని కన్యాస్త్రీల మఠంలో సాయంకాలపు ఆరాధన జరుగుతోంది. ఒక్కో కీర్తన అయ్యాక ఒక్కో కొవ్వొత్తి ఆర్పుతున్నారు. మైనం పొగ, తడి రాతి వాసన. ఇనప జాలీ అవతల బిషప్ గారు పంపిన ఫాదర్ కూర్చున్నాడు. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడిచే పాటలు కన్యాస్త్రీలకెందుకని ఆయన వాదన. ఇవాళ తడబడితే ఆ పాటలకు ఇక సెలవే. పాడే కన్యాస్త్రీల్లో ఒకతైన వియొలాంతికి అవి తప్ప వేరే లోకం లేదు.

"ఆయన ముక్కు చూశావా అక్కా? మన తప్పులు వాసన పట్టడానికే పెరిగినట్టుంది," ముందు నిలబడ్డ మేసియా గుసగుసలాడింది.

"నోర్ముయ్యవే. తాళం చూసుకో."

చివరి కొవ్వొత్తిని బలిపీఠం వెనక దాచేశాక చీకట్లోనే పాడాలి. తాళం కోసం చెయ్యి ఊపినా కనిపించదు. అందుకని ఒకరి వెనక ఒకరు నిలబడతారు. అందరికన్నా వెనకున్నామె ముందామె భుజం మీద వేలితో తాళం వేస్తుంది, ఆమె తన ముందామెకు అందిస్తుంది. ఇన్నేళ్లూ ఆ వెనక చోటు గియొమార్ అక్కది. మొన్ననే ఆమెను సమాధి చేశారు. ఇప్పుడక్కడ వియొలాంతి నిలబడింది. ఆమె వెనక గోడ తప్ప ఏమీ లేదు.

వెలుగు పోయింది. పాట ఎత్తుకున్నారు.

రెండో చరణంలోనే గొంతులు చెదిరాయి. వియొలాంతి వేలు వెనకబడింది. తాళం జారిపోతోంది...

"గియొమారక్కా, నువ్వే నడిపించు. ఆ తర్వాత నీ ఇష్టం," అని లోలోపలే వేడుకుంది.

భుజం మీద ఎవరో తట్టారు.

మెల్లగా. మళ్లీ... మళ్లీ. చల్లగా, బిగుసుకుపోయిన వేలు. వెనక్కి తిరగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చెయ్యి మాత్రం ఆ తట్టునే ముందుకు అందించింది. గొంతులు దారిలో పడ్డాయి. పాట నిండుగా సాగి ముగిసింది.

కొవ్వొత్తి తిరిగొచ్చింది. వెనక ఒట్టి గోడే ఉంది.

ఫాదర్ గొంతు సవరించుకున్నాడు. "పాడుకోండమ్మా," అన్నాడు.

మేసియా ఆనందం పట్టలేక ఆమెను వాటేసుకుంది. "గెలిచామక్కా! ఏంటలా చల్లబడిపోయావు?"

వియొలాంతి భుజం మీద ఇంకా అదే వేలు. తట్టు ఆగలేదు. భోజనాల బల్ల దగ్గరా ఆగలేదు. రొట్టె తుంచబోతూ అనుమానమొచ్చి గుండె మీద అరచెయ్యి పెట్టుకుంది. తట్టు పడ్డాకే గుండె కొట్టుకుంటోంది. పడితేనే...

తట్టుకీ తట్టుకీ మధ్య ఎడం పెరుగుతోంది.

"మేసియా... నా భుజం మీద నువ్వు తాళం వెయ్యవే. తొందరగా!"

మేసియా నవ్వుతూ చెయ్యి చాపింది. చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఎక్కడ వెయ్యనక్కా? అక్కడెవరిదో చెయ్యుంది."